ఆస్టిన్ గుండా ఐ-35

మెక్సికో సరిహద్దులోని లరేడో నుంచి ఉత్తరాన డులూత్ దాకా 1,568 మైళ్లు సాగే ఇంటర్‌స్టేట్ 35లో నత్తనడకకు పేరుమోసింది టెక్సస్ రాజధాని ఆస్టిన్ నడిబొడ్డున ఉన్న కొద్ది మైళ్లు. డల్లాస్ వైపు నుంచి వచ్చే లారీకి ఆ గండం తప్పించుకునే దారి జార్జ్‌టౌన్ దగ్గరే దొరుకుతుంది. అక్కడ 130వ నంబరు టోల్ రోడ్డు తూర్పుకు చీలి ఊరిని చుట్టిపోతుంది. దాని దక్షిణ భాగంలో గంటకు 85 మైళ్ల వేగంతో పోవచ్చు. అమెరికాలో అంతకు మించిన వేగపరిమితి మరెక్కడా లేదు.

లారీలన్నీ అటు మళ్లితే జామ్ తీరుతుందని చాలామంది నమ్మారు. ప్రయాణాల డేటా ముందు ఆ నమ్మకం నిలవలేదు. నడిబొడ్డున ఇరుక్కునేవాటిలో ఎక్కువ భాగం ఆ చుట్టుపక్కలే బయల్దేరే, లేదా అక్కడికే చేరే బళ్లు. డెల్ ప్రధాన కార్యాలయం, ఎన్నో తెలుగు కుటుంబాలు ఉన్న రౌండ్ రాక్ దాటి దక్షిణానికి వస్తుంటే ఒక్కో ర్యాంపు నుంచి కార్లు వాగుల్లా వచ్చి కలుస్తుంటాయి.

టెక్సస్‌లో అతి రద్దీ రోడ్ల జాబితాను ఏఅండ్ఎం విశ్వవిద్యాలయపు రవాణా సంస్థ ఏటా తయారుచేస్తుంది. ఫోన్లు, బళ్లలోని జీపీఎస్ పంపే వేగాలది ఒక పటం. ఏ రోడ్డు మీద ఎన్ని బళ్లు తిరుగుతాయో రోడ్ల శాఖ లెక్కగట్టినది మరో పటం. ఈ రెండింటి గీతలు సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోవు, ముక్కముక్కనూ జతపరచాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు పట్టే సమయానికి మించి పట్టినదంతా ఆలస్యం. దాన్ని జనం సంఖ్యతో హెచ్చవేసి, మైలుకు ఏడాదిలో ఎన్ని గంటలో తేలుస్తారు. మైలుకు లెక్కించకపోతే పొడవైన రోడ్డే ప్రతిసారీ పైకొచ్చి, అసలు చిక్కుముడి కింద పడిపోయేది. ఆస్టిన్ ఐ-35, హ్యూస్టన్ వెస్ట్ లూప్ ఏళ్ల తరబడి ఈ జాబితా తలభాగంలోనే ఉన్నాయి. 2011లో శాసనసభ ఇలాంటి రోడ్ల పనులు ముందుకు తేవడానికి 30 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఎయిర్‌పోర్ట్ బులెవార్డ్ దాటాక రోడ్డు రెండంతస్తులవుతుంది. పైన వంతెన లేన్లు, కింద అసలు లేన్లు, పక్కనే సర్వీస్ రోడ్డు. జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపుతుంది, ఎత్తు దగ్గర ఇంకా తడబడుతుంది. పైన పరుగెత్తే కారు, కింద ఆగిన కారు పటంలో ఒకే చుక్కగా కలిసిపోగలవు. వాటిని విడదీయకుండా సగటు తీస్తే ఏ అంతస్తు మొరాయిస్తోందో తెలియదు.

ఇంకొంచెం దిగువన, 12వ వీధి దగ్గర, ఈ లెక్కకు అందని నష్టం ఉంది. 1928 నగర ప్రణాళిక నల్లజాతివాళ్లను ఈస్ట్ అవెన్యూకి తూర్పుకు నెట్టింది. ఆ అవెన్యూ మీదే హైవే వేసి 1962లో తెరిచారు. కారులో కూర్చున్నవాళ్ల ఆలస్యం కొలతలో చేరుతుంది. అవతలి బడికో దుకాణానికో నడిచి రోడ్డు దాటాల్సినవాళ్ల ఆలస్యం చేరదు. అదీ ఒక పొరగా పటంలోకి రావాలి, జాబితా తయారయ్యే ముందే రావాలి.

2024లో మొదలైన, సుమారు 450 కోట్ల డాలర్ల పనిలో పైవంతెనలు కూల్చి, ప్రధాన లేన్లను నేలమట్టం కిందికి దించుతున్నారు. తవ్వకం ఖర్చు ప్రభుత్వానిది. దించిన రోడ్డుపై కప్పు వేసి రెండు వైపుల పేటలనూ కలపాలంటే డబ్బు వెతుక్కోవాల్సింది నగరమే.

ఆపైన రోడ్డు లేడీ బర్డ్ సరస్సు దాటుతుంది. గ్రాండ్ కేనియన్ కొలరాడో కాదు, టెక్సస్‌లోనే పుట్టిన మరో కొలరాడో నదికి కట్టిన సరస్సు ఇది. అవతల ఇంకొంత దక్షిణాన బెన్ వైట్ కూడలి. శాన్ ఆంటోనియోకు వెళ్లే లారీలు అక్కడినుంచి మళ్లీ గేర్ మారుస్తాయి.