నా మూత్రాశయం నేర్పిన హేతువాదం

దేవుడు లేడని వందమంది ముందు చెప్పడానికి నేనెప్పుడూ జంకలేదు. ఒంటికి సరిగ్గా రావడం లేదని ఒక్క డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పడానికి మాత్రం రెండేళ్ళు పైనే పట్టింది. ఈ రెండూ వేరు వేరు ధైర్యాలని నాకు తెలిసేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ కథే ఇది. ఇందులో బాబాలు, స్వాములు ఎవరూ లేరు. మోసపోయినవాణ్ణీ నేనే, మోసం చేసినవాణ్ణీ నేనే.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. పుట్టింది కృష్ణా జిల్లాలో ఒక పల్లె. రైల్వేలో సిగ్నల్ విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి 2018లో నాగపూర్‌లో రిటైరయ్యాను. పిల్లలు అక్కడే ఉండటంతో మేమూ అక్కడే ఉండిపోయాం. కోవూర్ రచనలు చదివి కుర్రతనంలోనే హేతువాదినయ్యాను. ఊరికి వచ్చినప్పుడల్లా మన సంఘం తరఫున హైస్కూళ్ళకు వెళ్ళి, ఉత్త చేతుల్లోంచి విభూతి తీయడం, వెలుగుతున్న కర్పూరాన్ని నాలుక మీద పెట్టుకోవడం చేసి చూపించి, వాటి గుట్టు పిల్లలకు చెప్పేవాణ్ణి.

2017లో మొదలైంది. రాత్రి ఒకసారి లేచేవాణ్ణి, మూడుసార్లు లేవడం మొదలుపెట్టాను. వెళ్ళి నిలబడితే వెంటనే వచ్చేది కాదు. వచ్చినా ధార సన్నగా, ఆగి ఆగి వచ్చేది. అయిపోయిందనుకుని పక్కకి తిరిగితే పంచె మీద రెండు చుక్కలు. నేనేం చేశానో తెలుసా? మంచినీళ్ళు తగ్గించాను. ముదురు రంగు ప్యాంట్లు కుట్టించుకున్నాను. సభకు వెళ్ళగానే ముందు బాత్‌రూం ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. ఒకసారి ఒక స్కూల్లో ప్రదర్శన మధ్యలో ఆపుకోలేక, "పిల్లలూ, ఈ గుట్టేమిటో మీలో మీరు చర్చించుకోండి" అని చెప్పి బయటికి పరుగెత్తాను. పిల్లలకది బోధనా పద్ధతిలా కనిపించి ఉంటుంది.

మా ఆవిడ రోజూ పోరేది. "ఏవండీ, డాక్టరుకి చూపించుకోండీ" అని. "వయసు మీద పడుతోంది, అంతే" అనేవాణ్ణి. ఎవరైనా "అంతా కర్మ" అంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు. కర్మ అనే మాట దేన్నీ వివరించదు, ప్రశ్నను ఆపేస్తుంది అని వాదించేవాణ్ణి. "వయసు" అన్న నా మాట చేసిన పనీ అదే. అప్పట్లో నాకు తట్టలేదు.

అసలు జరుగుతున్నది ఇది. మగవాళ్ళలో మూత్రాశయం అడుగున, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది. యవ్వనంలో సుమారు ఇరవై గ్రాములు. నడివయసు దాటాక చాలామందిలో పెరుగుతుంది. ఇది క్యాన్సర్ కాదు. కానీ నాళాన్ని నొక్కుతుంది. దారి ఇరుకైనప్పుడు మూత్రాశయం కండరం ఎక్కువ బలంతో నెట్టాలి. మొదట కండరం మందమవుతుంది, చిరాకు పడుతుంది, చీటికీమాటికీ సంకోచిస్తుంది. అందుకే ఆ తొందర. నెట్టి నెట్టి కొందరిలో అది అలిసిపోతుంది. అప్పుడు పూర్తిగా ఖాళీ కాదు. మిగిలింది లోపలే నిలవ ఉంటుంది. నిలవనీరు ఎక్కువైతే పైన మూత్రపిండాల మీద ఒత్తిడి పడుతుంది.

చివరికి ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మూడు నిమిషాలు చూసి ఒక మాత్ర రాశాడు. నాళం దగ్గరి కండరాన్ని వదులు చేసే మాత్ర అది. న్యాయంగా చెప్పాలంటే మందు సరైనదే. లేచి నిలబడినప్పుడు కళ్ళు తిరగవచ్చని, పడుకునే ముందు వేసుకుంటే మేలని ఆయన చెప్పలేదు. నాకు కళ్ళు తిరిగాయి. మానేశాను. మానేశానని ఆయనకు నేనూ చెప్పలేదు. ఇంకో డాక్టరు మూత్ర పరీక్షలో చీముకణాలున్నాయని యాంటీబయాటిక్ ఇచ్చాడు. ఏడాదిలో అలా నాలుగు కోర్సులు వాడాను. ఏ సూక్ష్మక్రిమి ఉంది, ఏ మందుకు లొంగుతుంది అని తేల్చే కల్చర్ పరీక్ష ఒక్కసారీ చేయించలేదు. నేను అడగనూ లేదు.

రిటైరయ్యే ముందురోజు దాకా నా కింద పనిచేసే కుర్రాళ్ళకు నేను చెప్పిన మాట ఒకటే. "మీటరు పెట్టకుండా రిలే మార్చవద్దు." సిగ్నల్ ఫెయిలైతే ఎక్కడ కరెంటు ఆగిందో కొలిచి చూడాలి, ఊహించి సామాను మార్చకూడదు. నా ఒంట్లో మాత్రం ఎవరికి తోచిన రిలే వాళ్ళు మార్చారు. మీటరు ఎక్కడని నేను అడగలేదు.

ఇక అసలు సిగ్గుపడాల్సిన విషయానికి వస్తాను. ఒక మిత్రుడు హోమియో చుక్కలు ఇచ్చాడు. నేను హోమియోపతి మీద ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ముప్ఫై సెంటెసిమల్ అంటే ఒకటి పక్కన అరవై సున్నాల వంతున పలచన చేయడమని, అవగాడ్రో సంఖ్య 6.02 × 10²³ గనక అందులో మందు అణువు ఒక్కటీ మిగలదని నల్లబల్ల మీద లెక్క కట్టి చూపించినవాణ్ణి. మరి ఎందుకు తీసుకున్నాను? "ఇది మదర్ టింక్చర్, పలచన చేసింది కాదు. అణువులు ఉన్నాయి. కాబట్టి ఇది మూలిక మందే" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తెలివైనవాడు తనను తాను మోసం చేసుకోవాలంటే తెలివైన వాదనే కావాలి కదా!

మందులో అణువు ఉండటం వేరు, మందు పనిచేయడం వేరు. ఆ చుక్కలు సా పామెట్టో అనే మొక్కవి. దాని సారాన్ని 2006లోనే అమెరికాలో 225 మంది మీద ఏడాదిపాటు పరీక్షించారు. సగంమందికి అసలుది, సగంమందికి ఉత్తుత్తిది. తేడా కనబడలేదు. మామూలు మోతాదు చాలదేమోనని మూడింతల వరకూ పెంచి 369 మంది మీద ఇంకో పరీక్ష చేసి 2011లో ఫలితం ప్రకటించారు. అప్పుడూ తేడా లేదు. ఇవన్నీ నేను చుక్కలు మొదలుపెట్టేనాటికే అందుబాటులో ఉన్నాయి. వెతికితే అయిదు నిమిషాల పని. వెతకలేదు. వేరేవాళ్ళ నమ్మకాల మీదైతే రాత్రంతా కూర్చుని వెతికేవాణ్ణి.

చుక్కలతో నాకు తగ్గింది కూడా! జనవరిలో మొదలుపెడితే మార్చికి రాత్రి లేవడం తగ్గింది. చలి తగ్గితే మామూలుగానే ఒంటికి వెళ్ళడం తగ్గుతుంది. ఈ జబ్బు లక్షణాలు వాటంతటవే పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. మనం మందు మొదలుపెట్టేది ఎప్పుడూ బాగా బాధగా ఉన్నప్పుడే గనక, తర్వాత ఏం చేసినా కొంత తగ్గినట్టే ఉంటుంది. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకతాళీయం అనే మాటను ఎన్ని ఉపన్యాసాల్లో వాడానో లెక్కలేదు.

2019 డిసెంబరులో జలుబు చేసింది. మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు తెచ్చి వేసుకున్నాను. ముక్కు దిబ్బడ తగ్గించే మందు మూత్రాశయం ముఖద్వారాన్ని కూడా బిగిస్తుంది. అందులోనే ఉండే అలర్జీ మందు కండరాన్ని మందగింపజేస్తుంది. ప్రోస్టేట్ పెరిగినవాళ్ళకు ఈ రెండూ కలిస్తే ప్రమాదం. ఆ రాత్రి పూర్తిగా ఆగిపోయింది. తెల్లవారుజామున మూడింటికి పొత్తికడుపు కుండలా ఉబ్బి, గోడ పట్టుకుని నిలబడి ఏడ్చాను. మా అబ్బాయి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గొట్టం వేస్తే పన్నెండు వందల మిల్లీలీటర్లు వచ్చింది. మామూలుగా మూత్రాశయం పట్టేది నాలుగైదు వందలు. రక్తంలో క్రియాటినిన్ 2.4. మూత్రపిండాలు రెండూ ఉబ్బి ఉన్నాయని స్కానింగులో తేలింది.

ఆ ఆసుపత్రిలో మర్నాడే ఆపరేషన్ అన్నారు. భయంతో ఒప్పుకునేవాణ్ణే. మా అమ్మాయి పట్టుబట్టి ఇంకో యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళింది. నా కూతురి వయసే ఉంటుంది ఆమెకు. హిందీలో మొదట అడిగిన ప్రశ్న, "అంకుల్, ఇన్నాళ్ళూ ఎవరూ కొలవలేదా?"

ఆమె కొలిచింది. ఏడు ప్రశ్నల పట్టిక ఒకటి ఇచ్చింది. ఒక్కోదానికి సున్నా నుంచి అయిదు మార్కులు. ఏడు వరకూ తేలిక, పంతొమ్మిది వరకూ మధ్యస్థం, ఆపైన తీవ్రం. గొట్టం పడకముందు నా పరిస్థితికి లెక్కవేస్తే ఇరవై ఆరు. గొట్టం ఉంచి ముందు మూత్రపిండాలను కోలుకోనిచ్చింది. క్రియాటినిన్ 1.4కు దిగింది. తర్వాత మూత్రాశయం ఎంత ఒత్తిడితో నెడుతుందో కొలిచే పరీక్ష చేసి విషయం దాచకుండా చెప్పింది. "అడ్డు ఉంది, ఆపరేషన్‌తో తీసేయొచ్చు. కానీ కండరం బలహీనపడింది. అడ్డు తీసినా అది పూర్తిగా నెట్టలేకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్ళడం మామూలు. ఇవన్నీ తెలిసి ఒప్పుకోండి." అరగంట కూర్చుంది. నేను రెండేళ్ళుగా భయపడుతున్న విషయాన్ని మూడు వాక్యాల్లో చెప్పేసింది. భయం సగం అక్కడే పోయింది.

2020 ఫిబ్రవరిలో ఆపరేషన్ అయింది. ఆమె అనుమానించినట్టే అయింది. ధార వచ్చింది, కానీ లోపల నాలుగు వందలు మిగిలిపోతోంది. రోజుకు నాలుగుసార్లు సన్నని గొట్టం నేనే వేసుకుని ఖాళీ చేసుకోవాలంది. వినగానే ఒళ్ళు జలదరించింది. ఇంట్లో, క్రిమిరహితం కాని బాత్‌రూంలో, నా చేత్తో నేనా? ఇన్‌ఫెక్షన్ రాదా?

ఇదే ప్రశ్న ఒకప్పుడు వైద్యలోకమంతా అడిగింది. అమెరికాలో జాక్ లాపిడెస్ అనే యూరాలజిస్టు 1972లో దీనికి జవాబు ప్రచురించాడు. గొట్టం పూర్తిగా క్రిమిరహితంగా ఉండనక్కర్లేదు, శుభ్రంగా ఉంటే చాలు. మూత్రాశయం ఉబ్బి ఉంటే దాని గోడలకు రక్తం సరిగ్గా అందక ఇన్‌ఫెక్షన్‌ను ఎదుర్కోలేదు, కాబట్టి వేళకు ఖాళీ చేయడమే ముఖ్యం అన్నాడు. అప్పటి శాస్త్రానికి అది మతద్రోహంలాంటి మాట. ఆధారాలు చూశాక వైద్యం తన మాట మార్చుకుంది. ఏ గ్రంథమూ అలా తన శ్లోకాన్ని మార్చుకోదు. సబ్బుతో చేతులు కడుక్కున్న ప్రతిసారీ ఆ మనిషిని తలుచుకుంటాను. నాకున్న నిత్యపూజ అదొక్కటే.

మొదటిసారి ముప్పావుగంట పట్టింది, ఇప్పుడు నాలుగు నిమిషాలు. కండరం కొంత కోలుకుని రోజుకు రెండుసార్లకు దిగింది. నోటుపుస్తకంలో సమయం, కొలత రాసుకుంటాను. నిన్న రాత్రి మిగిలింది 180. గొట్టం వాడేవాళ్ళ మూత్రంలో క్రిములు ఉండటం మామూలే. జ్వరం, నొప్పి లాంటివి లేకుండా కేవలం రిపోర్టు చూసి యాంటీబయాటిక్ వాడనక్కర్లేదు. ఈ మధ్య ఒక డాక్టరు రిపోర్టు చూడగానే ఇంజెక్షన్ రాయబోయాడు. "జ్వరం లేదు కదండీ, కల్చర్ చూశాక నిర్ణయిద్దామా?" అన్నాను. విసుక్కున్నాడు, కానీ ఒప్పుకున్నాడు. ఆ ప్రశ్న అయిదేళ్ళ ముందు అడిగి ఉండాల్సింది.

పోయినేడు విజయవాడలో సభలో ఇదంతా చెప్పాను. టీ దగ్గర ఒక్కొక్కరే వచ్చి గొంతు తగ్గించి మాట్లాడారు. ఒకాయన మూడు నెలలుగా అవే చుక్కలు వాడుతున్నాడు. ఒకావిడ కాన్పు అయినప్పటి నుంచి, అంటే ముప్ఫై ఏళ్ళుగా, దగ్గినా తుమ్మినా చీర తడుస్తోందట. "ఆడవాళ్ళకి ఇది మామూలేగా అన్నయ్యా" అంది. చాలామందికి ఉంటుంది గానీ, భరించాల్సిందేమీ కాదమ్మా అన్నాను. కటి కండరాల వ్యాయామాన్ని కెగెల్ అనే డాక్టరు 1948లోనే వివరించాడు. అది చాలామందికి పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. ముప్ఫై ఏళ్ళలో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు కూడా. మా అమ్మ పొలానికి వెళ్ళిన రోజు సాయంత్రం దాకా నీళ్ళు తాగేది కాదు. చాటు దొరకదని. అప్పుడు నేనూ అది మామూలే అనుకున్నాను.

కరెంటు స్తంభాల మీద పోస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. మందుల పేరిట మాయమాటల ప్రకటనల మీద 1954లో చేసిన చట్టం జాబితాలో ప్రోస్టేట్ జబ్బులు, మూత్రాశయంలో రాళ్ళు కూడా ఉన్నాయి. అయినా పోస్టర్లు ఆగలేదు. కొనేవాడికి సిగ్గు ఉన్నంతకాలం అమ్మేవాడికి లాభం. డాక్టరు ముందు విప్పలేని నోరు పోస్టరు మీది ఫోన్ నంబరుకు విప్పుతాం, ఎందుకంటే అక్కడ మన ముఖం కనబడదు.

కాబట్టి మిత్రులారా, రాత్రి రెండుసార్లకు మించి లేస్తున్నా, ధార సన్నబడినా, చుక్కలు పడుతున్నా మూడు రోజులు వేళలు, కొలతలు రాసి, ఆ కాగితం పట్టుకుని వెళ్ళండి. షుగరు ఉన్నా, గుండె, నిద్ర సమస్యలున్నా రాత్రిళ్ళు లేవాల్సి వస్తుంది గనక ప్రోస్టేటేనని మీరే తేల్చేసుకోకండి. "మూత్రానికి వెళ్ళాక లోపల ఎంత మిగులుతోంది?" అని అడగండి. మందు మానేస్తే మానేశానని చెప్పండి. వదులు చేసే ఆ మాత్ర ఎప్పుడైనా వాడి ఉంటే కంటిశుక్లం ఆపరేషన్‌కు ముందు కంటి డాక్టరుకు తప్పక చెప్పండి. ఆ మాత్ర వాడినవాళ్ళలో ఆపరేషన్ వేళ కనుపాప వదులైపోతుందని 2005లో కనిపెట్టారు.

ఆ కాగితం మొదట మా ఆవిడకు చూపించి ఉంటే సరిపోయేది. ఆమె రెండేళ్ళపాటు రాత్రిళ్ళు నా అడుగుల చప్పుడు లెక్కపెట్టింది. నా కేసులో మొట్టమొదటి కొలతలు తీసింది తనే. నేనే అడగలేదు.