లెక్కలోని యంత్రము

ఉన్నదానిని ఉన్నట్లు వ్రాసికొనుట మిక్కిలి సులభమని మన మనుకొందుము. అది యెంత కష్టమో, ఎంత అవసరమో భూగర్భమందలి యొక యంత్రముయొక్క చరిత్రమువలన నాకు స్పష్టపడినది.

జెనీవా సమీపమున, 1954లో స్థాపింపఁబడిన సెర్న్ అను పరిశోధనసంస్థకు 27 కిలోమీటర్ల చుట్టుకొలతగల సొరంగ మున్నది. అందు ప్రోటానులను ఎదురెదురుగ పఱుగెత్తించి ఢీకొట్టింతురు. ఆ తాఁకుడువలన వెలువడు కణములను పరిశీలించు యంత్రములలో అట్లాస్ ఒకటి. దాని పొడవు 46 మీటర్లు, ఎత్తు 25 మీటర్లు, బరువు 7,000 టన్నులు. ఈ యంత్రమును నిర్మించినవారే కంప్యూటరునందు దానికి ప్రతిరూపమును గూడ నిర్మించిరి. కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పుచు నేనీ సంగతి వివరింపఁగా, ఒక విద్యార్థిని లేచి "మాస్టారూ, నిజమైన యంత్ర ముండఁగా దాని నీడ యేల?" అని అడిగెను.

ప్రశ్న సమంజసమే. కాని కణములు కంటికి కనఁబడవు. అవి విడిచిన గుర్తులే కనఁబడును. ఏ కణ మెట్టి గుర్తు విడుచునో ముందుగ తెలిసినఁగాని, గుర్తునుబట్టి కణమును పోల్చలేము. అందులకై జియాంట్ 4 అను ప్రోగ్రాము నుపయోగింతురు. 1998లో మొదట వెలువడిన యీ ప్రోగ్రాము యంత్రమందలి రేకులను, తీఁగెలను, గొట్టములను వాని పదార్థముతోను మందముతోను లెక్కలో నిలిపి, వానిగుండ ఒక్కొక్క కణమును నడిపించును. అది వంగునో, విఱుగునో, ఆగిపోవునో అడుగడుగునను పాచికలు వేసినట్లు సంభావ్యతనుబట్టి నిర్ణయించును.

యంత్రము మాఱినప్పుడెల్ల ఈ నీడయు మాఱవలయును. 2014లో అట్లాస్ నడుమ, ప్రోటానులు పోవు మార్గమునకు సుమారు 33 మిల్లీమీటర్ల దూరమున, సిలికాను పొర యొకటి క్రొత్తగ అమర్చిరి. లెక్కలోని యంత్రమందును దానిని చేర్చిరి. 2015లో తాఁకుడులు మఱల ఆరంభమైనపిమ్మట లెక్కకును అనుభవమునకును పొంతన కుదురలేదు. కణ మేదేని పదార్థమందలి పరమాణుకేంద్రమును తాఁకినచో అచ్చట క్రొత్త కణములు చిమ్మును. అట్లు చిమ్మిన చోట్ల నన్నిటిని కూర్చి చూచిన, యంత్రములో ఎచ్చట నెంత పదార్థ మున్నదో తెలుపు చిత్ర మేర్పడును. ఆ చిత్రములో, నమూనాలో లేని పదార్థము కనఁబడెను. వెదకి చూడఁగా, చిప్పులపై అతికించిన కెపాసిటరులవంటి చిఱుభాగములు లెక్కకెక్కలేదని తేలినది. వానిని చేర్చి నమూనాను సవరించిరి. ఆ సంగతి నంతయు దాఁపక 2017లో వ్యాసముగ ప్రకటించిరి.

ఏడువేల టన్నులలో ఆవగింజంత వస్తువునకై యింత శ్రమ యేల యనవచ్చును. కాని ఆ యావగింజ కణములన్నియు మొట్టమొదట దాటవలసిన ద్వారముకడ నున్నది. దానిని విస్మరించినచో గుర్తు లెన్ని నిలుచునో, ఎన్ని చెదరునో చెప్పు లెక్క తప్పును; ఆ లెక్కనుబట్టి చేయు సిద్ధాంతమును తప్పును. సవరించినవారికి బిరుదులు రావు. ఒక్క మార్పు చేసినను పాత ఫలితములను, క్రొత్త ఫలితములను మఱల వరుసగ సరిపోల్చవలయును. ఐనను వారు నమూనాను నిలుపుకొనుటకై అనుభవమును త్రోసివేయలేదు.

మన మేమి చేయుచున్నాము? బిడ్డకు విరేచనములగునప్పుడు నీరు పోయరాదను మాట మన యిండ్లలో చాలకాలము చెల్లినది. నాలుక యెండి, కన్నులు గుంటలుపడి బిడ్డ చూపిన సాక్ష్యమును ఆ మాటముందు లెక్కింపలేదు. పాఠశాలలలోనో, గురుత్వత్వరణము 980 రావలెనని విద్యార్థికి ముందే తెలియును. ప్రయోగములో 960 వచ్చినచో దానిని తుడిచి, 980 వచ్చునట్లు వెనుకనుండి లెక్క కట్టును. పుస్తకము శుభ్రముగ నుండును, మార్కులును వచ్చును. చూచినదానికంటె చెప్పినదే నిజమని పదునాఱేండ్ల ప్రాయముననే బిడ్డ నేర్చుకొనును.

కావున, చదువరులారా, మీ బిడ్డ 960 అని వ్రాసికొని యింటికి వచ్చినయెడల కోపింపకుఁడు. చేరఁబిలిచి, దారమును లోలకపు గుండు నడిమివఱకు కొలచెనో, పై కొక్కెమువఱకే కొలచెనో అడుగుఁడు. మీటరు దారమున ఆ రెండు సెంటిమీటర్లే ఇరువది అంకెలను మ్రింగివేయఁగలవు. పోయినదానిని ఆ బిడ్డయే కనుఁగొననిండు.