పురందరపు అంజూరు తోటలు

పూనాలోని మన తెలుగిండ్లలో ఈ పండును అందరూ ఒకే పేరుతో పిలువరు. తాతలనాడు మగ్గాల పనికి వచ్చి ఇక్కడ నిలిచిపోయిన పద్మశాలి కుటుంబాలవారు మరాఠీ పలుకుబడిలో అంజీర్ అంటారు. బళ్ళారి, అనంతపురం వైపునుండి కోడండ్రై వచ్చినవారు అంజూరు అంటారు. తెలుగు బైబిలులో కూడ అంజూరపు చెట్టు అనే ఉన్నది. మా పెద్దలలో ఒకరిద్దరు మాత్రము సీమ మేడి అనేవారు. మాకు ఈ మూడవ పేరే నచ్చుతుంది. చుట్టరికము చెప్పే పేరు గదా! మేడి, అంజూరు ఒక్క కుదురులోనివే. రెండింటికీ పువ్వు పైకి కనిపించదు. మనము కాయ అనుకొనే ఆ సంచి లోపలి గోడకే వందలకొలది చిన్నచిన్న పూవులు అతుక్కొని ఉంటాయి.

వేమన గారి మేడిపండు ఎరుగని తెలుగు పిల్లవాడు లేడు. ఆ పొట్టలోని పురుగులు ఉత్త పాపము మూటకట్టుకొన్నవి కావు. కందిరీగ జాతికి చెందిన ఒక సూక్ష్మమైన ఈగ కాయలో దూరి పుప్పొడి మోయనిదే మేడికి విత్తనము పట్టదు. తురుష్క దేశపు స్మిర్నా అంజూరుకు కూడ అటువంటి ఈగ ఉండి తీరవలెను. మన పూనా అంజూరుకు మాత్రము ఆ అవసరము లేదు. ఈగ రాకపోయినా పండుతుంది. కనుక విప్పి చూడకుండా నోట వేసుకోవచ్చును. అయినా మనవాళ్ళు విప్పక మానరు.

ఈ పండు పుట్టిల్లు చూడవలెనని మేము నాలుగు కుటుంబాలవారము మొన్న మార్చి నెలలో ఒక ఆదివారము బయలుదేరినాము. పూనానుండి హడప్సర్ మీదుగా సాస్వడ్ పోయే బస్సు దివే ఘాటు ఎక్కుతుంది. ఘాటు అడుగున వడకీ గ్రామము, మస్తానీ చెరువు. ఆషాఢ ఏకాదశికి జ్ఞానేశ్వరుని పల్లకి పండరిపురము పోతూ ఈ ఘాటే ఎక్కుతుంది. ఎక్కి దిగినవారికే ఆ మలుపుల బరువు తెలుస్తుంది. పైకి చేరగానే గాలి మారిపోతుంది. కొండలకు అవతల కురిసే వాన ఇటు చాలవరకు రాదు. నేల తేలిక, అడుగున మొరము. వరికి పనికిరాని ఈ పొడి నేలే అంజూరుకూ సీతాఫలానికీ బంగారమైనది. దూరాన పురందర్ దుర్గము కనిపిస్తుంది. 1665లో శివాజీ మహారాజుకును జయసింగునకును సంధి జరిగిన కోట అదే. పిల్లలు కోట ఎక్కుదామన్నారు గాని ఎండ చూచి పెద్దలము ఆ మాట వినిపించుకోలేదు.

మేము వెళ్ళిన తోట సాస్వడ్ నుండి కొద్ది దూరములోనే ఉన్నది. చెట్లు పెద్ద ఎత్తు కావు, మనిషి చెయ్యి చాచితే అందే కొమ్మలు. ఆకు అరచెయ్యి వెడల్పున వ్రేళ్ళు విడదీసినట్లుండి గరుకుగా తగులుతుంది. ఒక్కొక్క కొమ్మ మీద ఒక్కొక్క ఆకు మొదట ఒక్కొక్క కాయ. అన్నీ ఒకనాడే పండవు. కొమ్మ మొదట ఉన్నది ముందు మాగుతుంది, కొసన ఉన్నది ఇంకా గోలీకాయంత పచ్చగా ఉంటుంది. అందుచేతనే కోత ఒక దినముతో తీరదు, వారాల తరబడి సాగుతుంది.

పూనా అంజూరు గంట ఆకారములో ఉంటుంది. పచ్చి కాయ ముదురాకుపచ్చ. మాగే కొద్దీ ఊదా కలిసిన ఎరుపు దిగి, తొడిమనుండి క్రిందికి నిలువు చారలు తేలుతాయి. మెడ వంగి తల వ్రేలాడవేస్తుంది. చర్మము మీద సన్నని తెల్లని బీటలు కనిపించినవంటే అది తినవలసిన గడియ. లోపలి గుజ్జు గులాబి రంగు. రంగొక్కటే చూచి కొనరాదని తోటవాడు చెప్పినాడు. బుగ్గ ఎర్రబడినా మెడ నిక్కి ఉన్నదంటే ఆ పండు ఇంకా చెట్టునుండి వేరుకాదగినది కాదు.

చెట్టు ఒకటే అయినా కాపులు రెండు. జూన్ లో కొమ్మలు కత్తిరించి వానలలో పెంచితే కార్తీక మార్గశిరాల ప్రాంతములో పండేది ఖట్టా బహార్. చెట్టుకు కొంత విశ్రాంతి ఇచ్చి సెప్టెంబరు అక్టోబరులలో కత్తిరిస్తే ఫిబ్రవరి చివరినుండి మే వరకు పండేది మీఠా బహార్. పేర్లలోనే తీర్పు ఉన్నది. మొదటిది చప్పగా, పులుపు తగిలి ఉంటుంది. వాననీరు త్రాగి పగులుతుంది, ఆకులకు తాంబేరా అనే త్రుప్పు తెగులు పడుతుంది. ఎండలో పండిన రెండవదే పండు. మరి పులుపు కాపు ఎందుకు తీస్తారని అడిగినాము. “ఆ రోజులలో బజారులో వేరే అంజూరు ఉండదు. నాలుక కోసము ఒక కాపు, అప్పు కోసము ఒక కాపు” అని తోటవాని తల్లి నవ్వింది. మేము ఆమెను ఆజీ అనే పిలిచినాము. ఆమె మా ఆడవాళ్ళందరినీ బాయీ అన్నది.

కోత సూర్యుడు పొడవకముందే జరుగుతుంది. తొడిమ తెగినచోట పాలు కారి వ్రేళ్ళు మండుతాయి. కోసేవారు గుడ్డపీలికలు చుట్టుకొంటారు. బుట్ట అడుగున అంజూరు ఆకులే పరచి, పండ్లు పేర్చి, పైన మరల ఆకులు కప్పి పూనా మార్కెట్ యార్డుకు పంపుతారు. రెండు మూడు దినములకంటె నిలువదు ఈ పండు.

మాలో ఒకరి ఇంటావిడ బళ్ళారి ఆడపడుచు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరులో కలిసిపోయినా ఆ ఇండ్లలో తెలుగు తరుగలేదని చదువరులకు తెలిసినదే. ఆవిడ రెండు పండ్లు తిని, “బాగున్నది గాని మా ఊరి పండు రంగే వేరు” అన్నది.   ఏది తియ్యన అన్న తగాదా భోజనాలదాకా సాగినది. పుట్టింటి పండుతో ఎవరు గెలువగలరు?

శ్రీరంగపట్టణము ప్రక్కన, టిప్పు సుల్తాను సమాధి ఉన్న గంజాములో కూడ పేరుపడిన అంజూరు ఉండేది. అది ఒరిస్సా గంజాం కాదు, బరంపురపు చదువరులు వెదుక నక్కరలేదు. దౌలతాబాద్ కోట వైపు పండే రకమునుండి ఏరి తీసినది దినకర్. పురందర్ తాలూకాలోనే జాధవవాడిలో రాహురీ వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి అంజూరు, సీతాఫల పరిశోధన కేంద్రము ఉన్నది. ఫులే రాజేవాడి అనే రకము వారిదే. కర్ణాటకములో ఎండబెట్టడానికి డయానా అనే రకము వేస్తున్నారు; అది మాగినా ఎర్రబడదు, పసిమి కలిసిన ఆకుపచ్చగానే ఉంటుంది. పూనా పండు కోసము అలవాటుపడిన కన్ను దానిని పచ్చికాయ అని వదలివేస్తుంది. మన కిరాణా కొట్లలో దారానికి గ్రుచ్చి వ్రేలాడే ఎండు అంజూరు చాలవరకు అఫ్గనిస్థానమునుండి వచ్చేది. పూనా పండు ఎండబెట్టడానికి అంతగా ఒదుగదు, పచ్చిగా తినవలసినదే.

పురందర్ అంజూరుకు 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఈ నేలలో, ఈ గాలిలో పండినదానికే ఆ పేరు చెల్లునని దాని అర్థము. అదే సంవత్సరము ఈ తాలూకాలో పెద్ద విమానాశ్రయము కట్టుతామని ప్రకటన కూడ వచ్చినది. పార్గాఁవ్, కుంభారవళణ్, వనపురీ మొదలైన ఏడు గ్రామాల నేల దానికి కావలెనన్నారు. ఏండ్లు గడిచినా మాట అణగలేదు. 2025లో కొలతలకు వచ్చినప్పుడు రైతులు అడ్డుపడగా పోలీసులకూ వారికీ పెనుగులాట జరిగినది. మేము వెళ్ళిన తోట ఆ ఏడింటిలోనిది కాదు. ఆజీ పుట్టిల్లు మాత్రము వాటిలో ఒకటి. అన్నదమ్ముల తోటలో తాను చిన్ననాడు నాటిన చెట్ల సంగతి చెప్పినది. పూనాలో ఉద్యోగాలు చేసుకొనే మాకు విమానాశ్రయము దగ్గరైతే సుఖమే. ఆ మాట ఆమె యెదుట ఎవ్వరమూ అనలేదు.

మా పిల్లవాడొకడు, “కొమ్మ నాటితే బ్రతుకుతుంది గదా, ఇంకొక చోట నాటుకోవచ్చును” అన్నాడు. అంజూరు కొమ్మతోనే పెరుగుతుంది, ఆ మాట నిజమే. తల్లిచెట్టు గుణము చెక్కు చెదరదు, రెండు మూడేండ్లలో కాపు పడుతుంది. ఆజీ వాని తల నిమిరి, “చెట్టును తీసికొనిపోవచ్చు బాళా. బావిని ఎట్లా మోస్తావు?” అన్నది. తోటవాడు ఆ మాటకు ఏమీ కలుపలేదు, బుట్టలు కట్టడానికి లేచిపోయినాడు.

బళ్ళారి ఆవిడ పుట్టింటికి ఒక బుట్ట రైలులో పంపవలెనని పట్టుపట్టినది. తోటవాడు ఒప్పుకోలేదు. మాగినవి దారిలోనే చితుకుతాయి, దోరగా కోస్తే మాగవు, వాడి ముడతలు పడతాయి, తన తోట పేరు చెడుతుంది అన్నాడు. ఎంత డబ్బిస్తామన్నా వినలేదు. మాకు మాత్రము ఇంటికొక బుట్ట ఇచ్చి, ఒడిలో పెట్టుకొని పొమ్మన్నాడు. ఆవిడ ఆ రాత్రే బళ్ళారికి ఫోను చేసి, మే నెల దాటకముందే అందరినీ పూనాకు రమ్మన్నదట.