రామ్ సార్ గారి ఊరు

2018 నవంబరులో సెలవు అడుగుతూ "ఇరాన్ వెళ్తున్నానండీ" అంటే మా మేనేజరు కళ్లజోడు సర్దుకుని "ఇరానా, ఇరాకా?" అన్నాడు. మొదటిదేనండీ, పిట్టలు చూడ్డానికి అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు. సెలవు మాత్రం వెంటనే ఇచ్చేశాడు, వీడితో వాదన ఎందుకనుకున్నాడో ఏమో.

ఆ టూరు కాగితం మీద ఇలా ఉంది: పదకొండు రోజులు, పక్షుల వీక్షణం, కొండలెక్కడం, పర్షియన్ సంస్కృతి. మూడూ ఒకే ప్యాకేజీలో. నాకు ఇలాంటి త్రీ ఇన్ వన్ వస్తువుల మీద మామూలుగా నమ్మకం ఉండదు. ప్రింటరు, స్కానరు, ఫాక్సు కలిపి అమ్మిన డబ్బా ఒకటి మా ఇంట్లో ఏ పనీ సరిగ్గా చేయకుండా ఐదేళ్లు కూర్చుంది. అయినా డబ్బు కట్టాను. కారణం ఐదో రోజు పక్కన ఉన్న ఊరి పేరు. రామ్‌సర్.

ఈ పేరు మా ఇంట్లో తిట్టు. నవ్వకండి, నిజంగానే.

మాది కైకలూరు పక్కన, కొల్లేటి గట్టు మీద ఊరు. నా చిన్నప్పుడు మా పని పొద్దున్నే చేపల చెరువు గట్టెక్కి, ఖాళీ డబ్బాలు వాయిస్తూ పిట్టల్ని తోలడం. బొచ్చె పిల్లల్ని వేసిన చెరువు మీద గూడబాతులు వాలితే ఇంక చూసుకోండి. అంటే పక్షులతో నా మొదటి పరిచయం శత్రువుగానే. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల జాబితాలోకి, అంటే రామ్‌సర్ జాబితాలోకి చేర్చారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. పొక్లెయిన్లు వచ్చాయి, గట్లు తెగాయి, మందుపాతరలు కూడా పేలాయి. నాన్న లీజుకు తీసుకున్న చెరువు అందులో పోయింది. చేపలు ఇంకో రెండు నెలల్లో పట్టుబడికి వచ్చేవి. అప్పు మాత్రం గట్టు తెగినా ఎక్కడికీ పోలేదు. నా జీతంలో సగం 2010 దాకా దానికే వెళ్లింది.

ఆ రోజుల్లో పేపర్లోనూ, ఊళ్లోకొచ్చిన జీపుల దగ్గరా మాటిమాటికీ వినబడిన పేరు రామ్‌సర్. మావాళ్లు అది పెద్ద ఆఫీసరు పేరనుకున్నారు. "ఆ రామ్ సార్ ఎవరో గానీ, ఒక్కసారి మా గట్టు మీదకొచ్చి చూసుంటే ఇట్టా రాసేవాడు కాదు" అనేవారు నాన్న. అది మనిషి కాదు నాన్నా, ఊరు, 1971 ఫిబ్రవరి 2న పద్దెనిమిది దేశాలవాళ్లు అక్కడ కూర్చుని ఒప్పందం చేసుకున్నారు అని నేను చదివి చెప్పినా ఆయనకి పెద్ద తేడా కనబడలేదు. "అయితే ఆ ఊళ్లో చేపల చెరువులు లేవన్నమాట" అన్నారు.

ఈలోగా నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, తోటి ఇంజినీర్ల పుణ్యమా అని బైనాక్యులర్లు మెడలో వేసుకుని ఆదివారాలు అమీన్‌పూర్ చెరువు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. సలీం అలీ పుస్తకం కొన్నాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి ఉత్సాహం ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. 2008 సంక్రాంతికి ఇంటికెళ్లి, భోజనాల దగ్గర, "సరస్సు చచ్చిపోతోంది నాన్నా, వాళ్లు చేసింది కరెక్టే" అన్నాను. నాన్న కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. తర్వాత నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఫోను అమ్మకే ఇచ్చేసేవారు.

కాబట్టి ఆ ఊరు ఒకసారి చూడాలి అనిపించింది. అంతే.

టెహ్రాన్‌లో దిగగానే తెలిసిన మొదటి నిజం, మన క్రెడిట్ కార్డులు అక్కడ ప్లాస్టిక్ ముక్కలు. ఆంక్షల వల్ల బయటి బ్యాంకుల కార్డులేవీ పనిచేయవు. మొత్తం నగదే. ధర తుమన్లలో చెప్తారు, నోటు మీద రియాల్ అని ఉంటుంది, పది రియాళ్లు ఒక తుమన్. ఒక సున్నా అటో ఇటో అవుతుంది. సున్నాలతో బతికే మాలాంటివాళ్లే చాయ్ దగ్గర పదింతలు ఇవ్వబోయాం. కొట్టువాడే నవ్వి వెనక్కిచ్చాడు.

మొదటి రెండు రోజులు కొండలు. దర్బంద్ దారిలో ఒళ్లు వంచాక, రెండోరోజు దమావంద్ కింది వాలుల్లో నడిపించారు. 5,600 మీటర్ల పైచిలుకు ఎత్తున్న అగ్నిపర్వతం అది. మేము ఎక్కింది దాని మోకాలి దాకా కూడా కాదు, దానికే నా ఊపిరి సర్వర్ లోడు పెరిగినట్టు కొట్టుకుంది. రాళ్ల మధ్య మన కౌజు పిట్టలకి చుట్టాలైన చుకార్లు గుంపుగా పరిగెత్తాయి. మా గైడు ముప్పై ఏళ్ల అమ్మాయి, పక్షుల మీద చదువుకున్న మనిషి. ఆయాసం తీర్చుకునేచోటల్లా షానామా కథలు చెప్పేది. ఫిర్దౌసీ 1010లో పూర్తి చేసిన ఆ కావ్యంలో జహ్హాక్ అనే దుర్మార్గపు రాజుని ఈ దమావంద్‌లోనే కట్టేశారట. ఇంకో కథ. సామ్ అనే వీరుడికి తెల్లజుట్టుతో కొడుకు పుడితే, అపశకునమని ఈ అల్బుర్జ్ కొండల్లోనే వదిలేశాడు. ఆ పిల్లాణ్ని సీముర్గ్ అనే పెద్ద పక్షి తన గూట్లో పెట్టుకుని పెంచింది. చాలా ఏళ్లకి తండ్రి పశ్చాత్తాపంతో కొండ కిందకొచ్చి నిలబడితే, పక్షే కొడుకుని తీసుకొచ్చి అప్పగించింది. మిగతావాళ్లు ఫొటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం, మా ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య పక్షి చేసిన పని దీనికి సరిగ్గా రివర్సు కదా అనుకున్నాను.

నాలుగో రోజు కొండ దిగి కాస్పియన్ తీరానికి వచ్చాం. ఫెరేదూన్‌కెనార్. అక్కడ నేలని చూసి నాకు మాట రాలేదు. చదునైన వరిచేలు, మధ్యలో గట్లు కట్టిన చెరువులు, మంచు, బురద వాసన. కైకలూరే! ఆ చెరువుల్ని అక్కడ ఆబ్‌బందాన్ అంటారు, వానాకాలపు నీళ్లు వరికోసం నిలవబెట్టుకునే పాత ఏర్పాటు. ఆబ్ అంటే నీళ్లు, మన ఆబ్కారీలో ఉన్నది అదే. బంద్ అంటే కట్టు, మన జమాబందీలో ఉన్నది అదే. నాన్న చెరువు ఫైలు గుర్తొచ్చింది. దరఖాస్తు, పట్టాదారు, సర్కారు... ఆ ఫైల్లో సగం మాటలు ఈ దేశం నుంచి వచ్చినవే. ఆ మాటకొస్తే నేను ఉద్యోగం చేసుకునే హైదరాబాదుకి నక్షా గీసిన మీర్ మోమిన్ కూడా ఇదే కాస్పియన్ వైపు అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. ఇప్పుడా ఊరి పేరు గోర్గాన్. పర్షియన్ సంస్కృతి చూపిస్తాం రండి అన్నవాళ్లకి, అది మా తాసీల్దారు ఆఫీసులో రోజూ చూస్తున్నామండీ అని చెప్పాలనిపించింది.

అక్కడ మేము చూడబోయింది ఒకే ఒక్క పక్షిని. సైబీరియా కొంగల్లో పశ్చిమపు మందలో అప్పటికి మిగిలిన ఏకైక కొంగ. పేరు ఒమీద్, అంటే ఆశ. 2007-08 ప్రాంతం నుంచి ఏటా సైబీరియా నుంచి ఒంటరిగా ఎగిరొచ్చి చలికాలం ఇక్కడ గడిపేది. మన భరత్‌పూర్‌కి వచ్చే సైబీరియా కొంగలు 2002 తర్వాత కనబడనే లేదు. చైనాకి వెళ్లే మంద మాత్రం వేలల్లో ఉంది.

రెండు గంటలు మంచులో కూర్చున్నాక టెలిస్కోపులో ఒక తెల్ల చుక్క కనబడింది. నడుస్తోంది. ముక్కు బురదలో పెట్టి తీస్తోంది. దాని చుట్టూ వేల బాతులు. అంతే చూసింది. కానీ దాన్ని కాపాడుతున్నది ఎవరో తెలిశాక కాస్త తిక్క పుట్టింది. అక్కడివాళ్లు బాతుల్ని వలేసి పట్టేవాళ్లు! దామ్‌గా అంటారు. రెల్లు తడకలు కట్టిన మడుగుల్లో మచ్చిక బాతుల్ని వదిలి, వాటిని చూసి దిగిన అడవి బాతుల్ని వలతో పడతారు. తుపాకీ పేలిస్తే బాతులన్నీ లేచిపోతాయి కాబట్టి ఆ చుట్టుపక్కల తుపాకీ మోగనివ్వరు, పరాయివాణ్ని రానివ్వరు. ఆ నిశ్శబ్దంలో కొంగ బతికిపోయింది. 1978లో పక్షి శాస్త్రవేత్తలకు ఈ మంద కనబడింది కూడా ఇక్కడే.

మంచివాళ్లని నేననడం లేదు. అక్కడి పక్షుల బజారు మీద ఇరాన్‌లోనే బోలెడు విమర్శ ఉంది, న్యాయమైనదే. మా ఊళ్లో పరజ పిట్టల్ని వలేసి పట్టడం నాకు తెలుసు, అది చూడముచ్చటైన పనేమీ కాదు. కానీ పుస్తకాల్లో చదువుకున్న పక్షి ప్రేమికుడిగా నేను గీసుకున్న బొమ్మలో ఒకవైపు పక్షులు, ఇంకోవైపు వాటి మీద బతికే మనుషులు. ఇక్కడ ఆ గీత ఎక్కడ గీయాలో తెలియలేదు.

మర్నాడు రామ్‌సర్. ఒకవైపు సముద్రం, వెంటనే కొండ, మధ్యలో నారింజ తోటలు, వేడినీటి బుగ్గలు, రాజుల కాలపు తెల్లటి పాత హోటలు. చాలా అందమైన ఊరు. ప్రపంచపు చిత్తడి నేలల గురించి మాట్లాడుకోవడానికి ఇంత శుభ్రమైన చోటు దొరకడం వాళ్ల అదృష్టం. హోటలు మెట్ల మీద నిలబడి నాన్నకి ఫోటో పంపాను, "రామ్ సార్ గారి ఊరు" అని. అరగంటకి జవాబొచ్చింది: "చెరువులు ఉన్నాయా?" కొండకింద లేవు గానీ, నిన్న చూసిన చోట ఉన్నాయి నాన్నా, మనలాంటివే అని కొట్టాను. వెంటనే ఫోనొచ్చింది. గట్టు ఎంత వెడల్పు, నీళ్లు ఎట్నుంచి వస్తాయి, వరి కోశాక నీళ్లు పెడతారా ముందా, వల ఎలా వేస్తారు... ఇరవై నిమిషాలు. రోమింగు బిల్లు సంగతి అడక్కండి. 2008 తర్వాత పక్షుల ప్రస్తావన ఉన్న విషయం మీద మేమిద్దరం అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

చివరి రోజులు ఇస్ఫహాన్. నీలం గుమ్మటాల గురించి మీరు చాలాచోట్ల చదివుంటారు కాబట్టి వదిలేస్తాను. నాకు గుర్తున్నవి రెండు. ఒకటి పావురాల బురుజులు. మట్టి ఇటుకలతో కోట బురుజులా కట్టి, లోపల గోడ నిండా చదరంగపు గళ్లలా వేల గూళ్లు పెట్టారు. పావురాల కోసమే. తినడానికి కాదు, వాటి రెట్ట కోసం. ఏడాదికోసారి తలుపు తెరిచి ఎరువు తవ్వి ఖర్బూజా పొలాలకి వేసేవారు. 17వ శతాబ్దంలో షార్డాన్ అనే ఫ్రెంచి యాత్రికుడు ఊరి చుట్టూ ఇలాంటివి మూడు వేలకు పైనే ఉన్నాయని రాశాడు. రసాయన ఎరువులొచ్చాక వీటి పని అయిపోయింది. మేము చూసినదాంట్లో ఒక్క పావురం లేదు.

రెండోది ముప్పైమూడు కమానుల వంతెన, సీ ఓ సే పోల్. దాని కింద నది లేదు. జాయందెరూద్ ఎండిపోయి, ఇసుకలో పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు. ఆ నది చివర గావ్‌ఖూనీ అనే చిత్తడి నేల 1975 నుంచీ రామ్‌సర్ జాబితాలో ఉంది. జాబితాలో ఉంది, నీళ్లే లేవు. పైన పరిశ్రమలకీ, వేరే ఊళ్లకీ, పొలాలకీ పోగా కిందికి చుక్క రాదు. 2021 నవంబరులో రైతులు ఆ ఎండిన నదిలోనే వేలమంది కూర్చుని ధర్నా చేశారని తర్వాత వార్తల్లో చూశాను.

సరే, ఇంతకీ నేను చెప్పొచ్చేదేమిటి? నా వృత్తిలో ఒక సామెతలాంటి నిజం ఉంది. రిక్వైర్‌మెంట్ రాసేవాడు యూజర్‌ని ఒక్కసారి కూడా అడక్కపోతే, కోడ్ ఎంత బాగున్నా ప్రొడక్షన్‌లో కూలుతుంది. కొల్లేటిని కాపాడాలన్నది సరైనదే, ఇప్పటికీ నా మాట అదే. గట్ల మీద గట్లు వేసి నీటిదారి మూసేసింది మేమే, నాన్నతో సహా. కానీ గట్టు మీదున్న మనిషికి ఆ పక్షి బతికితే తనకేమిటి అన్న ప్రశ్నకి జవాబు లేకుండా చేసిన ఏ పనీ నిలబడదు. 2006లో తెగిన గట్లు చాలాచోట్ల మళ్లీ లేచాయి. 2008లో నేను భోజనాల దగ్గర వాడిన "కరెక్ట్" అనే మాటలో ఈ సగం లేదు. అది ఒప్పుకోవడానికి నాకు పదేళ్లు, ఒక విమానం టికెట్టు పట్టింది.

ఒమీద్‌కి 2023లో బెల్జియం నుంచి తెచ్చిన రోయా అనే ఆడకొంగని జోడీగా వదిలారు. వలస దారిలో ఆ జోడీ నిలవలేదు.

2019 జనవరిలో నాన్నని ఆటపాక తీసుకెళ్లాను. ఇంటికి అంత దగ్గర్లో ఉన్నా ఆయన ఎప్పుడూ వెళ్లలేదు, వెళ్లనన్నారు కూడా. పడవలో కూర్చోబెట్టి బైనాక్యులర్లు ఇచ్చాను. ఇనుప మంచెల మీద గూడబాతులు, పిల్లలకి మేత పెడుతున్నాయి. చాలాసేపు చూశారు. ఏం ఆలోచిస్తున్నారు నాన్నా, అని అడిగాను.

"ఏముందిరా, ఇయ్యన్నీ కలిసి మన చెరువులో రోజుకి ఎన్ని కేజీల బొచ్చెలు లాగించేయో లెక్కేస్తన్నా" అన్నారు.

బైనాక్యులర్లు మాత్రం ఒడ్డుకొచ్చేదాకా తిరిగివ్వలేదు.