డాలస్‌లో బడిగంట కబుర్లు

ఆగస్టు వచ్చేసింది. డాలస్ ఎండలు ఇంకా మాడ్చేస్తూనే ఉన్నాయి కానీ పిల్లల సెలవులు మాత్రం అయిపోయాయి. ఫ్రిస్కో, ప్లేనో, కొప్పెల్, ప్రాస్పర్... ఏ ఊళ్లో కొట్టుకెళ్లినా నోటుబుక్కుల గుట్టలే. టెక్సాస్‌లో ఏటా ఈ నెల ఒక వారాంతం, శుక్రవారం నుంచి ఆదివారం దాకా, వంద డాలర్ల లోపు ధర ఉన్న బట్టలకూ చెప్పులకూ బడిసంచులకూ అమ్మకం పన్ను ఉండదు. కొనేవి ఎలాగూ కొనాలి కాబట్టి ఆ మూడు రోజులూ చూసుకోండి. టీచరు ఇచ్చిన జాబితాలో లేనివి ముందే కొనేయకండి, అంతే.

కొత్తగా ఇల్లు మారినవాళ్లకు ఒక మాట. ఇక్కడ ఊరు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఐఎస్‌డీ) వేరు. చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన పిల్లలు ఫ్రిస్కో ఐఎస్‌డీ బడికే వెళతారని లేదు. ఆ ఊళ్లోనే ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్ డిస్ట్రిక్టుల కిందికి వచ్చే వీధులున్నాయి. అర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్‌లో ఉంటూ కొప్పెల్ ఐఎస్‌డీ బడికి వెళ్లే మనవాళ్ల పిల్లలు ఎందరో. లీజు మీద సంతకం పెట్టేముందే డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరు కొట్టి చూసుకోండి. కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్లు నిండి ఉండాలి.

ఈసారి నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: బడి పంపే కబురు ఇంట్లో అందరికీ చేరాలి. చాలా ఇళ్లలో రిజిస్ట్రేషన్ నాన్నే చేస్తారు, తన మెయిల్ ఒక్కటే ఇస్తారు. ఆ కబుర్లన్నీ ఆఫీసు ఉత్తరాల కింద పడి ఉంటాయి. రోజంతా పిల్లలతో ఉండే అమ్మకు ఫొటోల రోజు ఎప్పుడో, బస్సు వేళ ఎందుకు మారిందో తెలీదు. ఫారంలో ఇద్దరి మెయిళ్లూ, ఇద్దరి ఫోన్ నంబర్లూ రాయండి. అమ్మమ్మా తాతయ్యా ఇండియా నుంచి వచ్చి ఉంటే, పిల్లల్ని ఇంటికి తీసుకెళ్లే వాళ్ల జాబితాలో వాళ్ల పేర్లు కూడా చేర్చండి. పేరు లేకపోతే ఎంత సొంత తాతయ్య అయినా ఆఫీసులో పిల్లాణ్ణి అప్పగించరు. అది పిల్లల క్షేమం కోసమే. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు వెంట ఉంచుకోమని పెద్దవాళ్లకు చెప్పండి.

ఇక టీకాలు. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన కుటుంబాలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మన దగ్గర తట్టు టీకా మొదటి డోసు తొమ్మిదో నెలలో వేస్తారు. అది మంచి పనే, అక్కడి పరిస్థితికి తగ్గదే. కానీ ఇక్కడ బడిలో చేరడానికి మొదటి పుట్టినరోజు తరవాత వేసిన, తట్టు టీకా కలిసిన ఎంఎంఆర్ డోసులే లెక్కలోకి వస్తాయి, కిండర్‌గార్టెన్‌కు అలాంటివి రెండు కావాలి. ఆటలమ్మ టీకా రెండు డోసులు, హెపటైటిస్-ఏ రెండు డోసులు కూడా అడుగుతారు. ఇవి మన ప్రభుత్వ టీకాల పట్టికలో లేవు కాబట్టి ప్రైవేటుగా వేయించి ఉంటే తప్ప కార్డులో కనబడవు. ఏడో తరగతికి వచ్చే పిల్లలకు టీడాప్, మెనింజైటిస్ టీకాలు కావాలి.

తేదీల దగ్గర మరీ జాగ్రత్త. మన కార్డులో 05/03 అని ఉంటే అది మార్చి అయిదు. ఇక్కడి నర్సు దాన్ని మే మూడు అని చదువుతుంది. నెలలు తారుమారైతే సరిగా వేసిన డోసే పుట్టినరోజుకు ముందు వేసినట్టు లెక్కకొస్తుంది. కార్డు పక్కన ఒక కాగితం మీద నెల పేరు అక్షరాల్లో రాసి ఇవ్వండి. 2025లో పశ్చిమ టెక్సాస్‌లో తట్టు ప్రబలి ఇద్దరు పిల్లలు చనిపోయారు. టీకా సంగతిని కాగితాల తంతుగా చూడకండి.

చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు. తెలుగు అని రాస్తే పిల్లాణ్ణి వెనక బెంచీలో కూర్చోబెడతారేమోనని కొందరు ఇంగ్లీషు అని రాసేస్తారు. ఆ భయం అక్కర్లేదు. తెలుగు అని రాస్తే ఇంగ్లీషు ఎంత వచ్చో ఒక పరీక్ష పెడతారు. బాగా వస్తే అక్కడితో సరి. రాకపోతే అదనంగా సాయం చేస్తారు. ఆ సాయం వద్దనుకునే హక్కు కూడా తల్లిదండ్రులకు ఉంది. ఉన్నది ఉన్నట్టు రాయండి.

ఫోన్లు బడి జరిగినంతసేపూ బంద్. 2025లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం స్మార్ట్‌వాచీలు కూడా అంతే. మధ్యాహ్నం పిల్లతో అత్యవసరంగా మాట్లాడాలంటే ఆఫీసుకు ఫోన్ చేయాల్సిందే. క్లబ్బుల్లో చేరడానికి కూడా ఇప్పుడు తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి కావాలి. రోబోటిక్స్, చదరంగం అని పిల్లలు సంబరపడుతూ తెచ్చిన కాగితం సంచి అడుగున నలిగిపోకుండా చూడండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో హైస్కూళ్లలో హోమ్‌కమింగ్ అనే బడి వేడుక సందడి. ఆడపిల్లలు పెద్ద చామంతిపూవుకు రిబ్బన్లూ చిరుగంటలూ బొమ్మలూ వేలాడదీసి గుండెల మీద తగిలించుకుంటారు. దాన్ని ‘మమ్’ అంటారు. ఒకప్పుడు అచ్చమైన చామంతే పెట్టుకునేవారు, ఇప్పుడది పట్టుపూవు. మగపిల్లలు చేతికి చిన్నవి కట్టుకుంటారు. ఖరీదైనవి కొనక్కర్లేదు, చాలామంది తల్లులు ఇంట్లోనే కడతారు. బతుకమ్మ పేర్చే రోజులూ ఇవే. అటు తంగేడు, గునుగు దొరకక వెతుక్కుంటూ, ఇటు రిబ్బన్లు అతికిస్తూ కూర్చునే ఇళ్లు చూస్తే నాకెంతో ముచ్చటేస్తుంది.

పండగ మాటొచ్చింది కాబట్టి సెలవుల సంగతి చెప్పాలి. దీపావళికో, ఉగాదికో మీ బడికి సెలవు లేకపోయినా ఫరవాలేదు. మతపరమైన పండగ జరుపుకోవడానికి పిల్లలు రాకపోతే ఆ గైర్హాజరును మన్నించాలని టెక్సాస్ విద్యా చట్టంలోనే ఉంది. అందుకోసం ప్రయాణం చేస్తే వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు కూడా కలుపుతారు. ముందుగా ఒక ఉత్తరం రాసిస్తే చాలు. పండగ పూట కూడా పిల్లల్ని బడికి తోలే ఇళ్లు ఎన్నో ఉన్నాయి, ఈ సంగతి తెలియకే.

ఇండియా పెళ్లిళ్ల సంగతి వేరు. ఏ తరగతికైనా నూటికి తొంభై రోజులు హాజరు ఉంటేనే దాని క్రెడిట్ ఇస్తారు. బడి జరిగేది 170 రోజులకు అటూ ఇటూ అనుకుంటే, మొత్తం మీద పదిహేడు రోజుల వెసులుబాటు. జ్వరాలూ జలుబులూ అందులోంచే పోవాలి. డిసెంబరు సెలవులకు ఇంకో వారం కలిపితే సరిపోతుంది. మాఘమాసం ముహూర్తాల కోసం నెల్లాళ్లు ఉండిపోతే మాత్రం చిక్కే. టికెట్లు కొనేముందే హాజరు చూసే వాళ్లతో మాట్లాడండి.

టీచరుతో కూర్చుని మాట్లాడే రోజులు కూడా ఆ హోమ్‌కమింగ్ కాలంలోనే వస్తాయి. ఇంగ్లీషు సరిగా రాదని మొహమాటపడి వెళ్లని తల్లులకు మరీ మరీ చెబుతున్నాను: తెలుగు దుబాసీ కావాలని అడగండి. తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో చెప్పే బాధ్యత బడిది, దానికి 1964 పౌరహక్కుల చట్టం ఆధారం. పిల్లాణ్ణే మధ్యలో కూర్చోబెట్టి వాడి మార్కుల సంగతి వాడిచేతే అనువాదం చేయించకండి. తెలుగువాళ్లు అందుబాటులో లేకపోతే ఫోన్‌లో కలుపుతారు. వారం ముందే చెబితే ఏర్పాటు చేయడం వాళ్లకూ తేలిక.