పసిబిడ్డకు పడక

ఇంట్లో బిడ్డ పుట్టగానే చుట్టాలందరికీ ఒకటే సంబరం. ఒకరు వెండి గిన్నె తెస్తారు, ఒకరు జరీ గౌను తెస్తారు, మరొకరు మెత్తటి పరుపు, దానితోపాటు బుల్లి దిండ్లు తెస్తారు. అయితే అప్పుడే పుట్టిన బిడ్డ రోజుకు 14 నుండి 17 గంటలు నిద్రలోనే గడుపుతుంది. అంతసేపు ఉండే ఆ చోటు ఎలాంటిదై ఉండాలో ఆలోచించేవారు కొద్దిమందే.

మా సంఘంలోని ఒక యౌవన దంపతులకు ఈమధ్య తొలిచూలు ఆడపిల్ల పుట్టింది. ఆపరేషన్ కాన్పు గనుక తల్లికి రాత్రివేళ మాటిమాటికి లేవడం కష్టం. అందుచేత మంచం పక్కనే ఆనించి పెట్టే తొట్టి కొనాలని తండ్రి అనుకున్నాడు. నాయనమ్మకు అది నచ్చలేదు. "నలుగురు పిల్లల్ని పక్కలనే పండబెట్టుకొని పెంచిన అయ్యగారూ, ఎవలికేమైంది?" అని నన్నడిగింది. ఆమె మాటలో ప్రేమ ఉంది, అనుభవం ఉంది. తీసిపారేయదగిన మాట కాదు.

సొలొమోను తీర్పు మనమందరం ఎన్నోసార్లు విన్నాము. రాజు కత్తి తెమ్మన్న సంగతి మనకు బాగా గుర్తుంటుంది. ఆ తగవు ఎలా మొదలైందో అంతగా గుర్తుండదు. రాత్రి నిద్రలో ఒక తల్లి తన బిడ్డ మీద పడినందున ఆ బిడ్డ చనిపోయింది. ఆ సంగతే ఆమెతో చెప్పి, "అమ్మా, అలసిన మనిషికి ఒళ్లు తెలియని నిద్ర పడుతుంది. మీ కాలంలో చాప మీద, పలచని బొంత మీద పడుకున్నారు. ఇప్పటి పరుపులు మనిషిని లోపలికి దింపేసుకుంటున్నాయి" అన్నాను. ఆమె కాసేపు ఊరుకొని, "అట్లయితే బిడ్డ తల్లికి దూరం కావొద్దు" అన్నది. వైద్యులు చెప్పేదీ అదే: కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే ఉండాలి, పడక మాత్రం వేరుగా ఉండాలి.

మరునాడు ఆ తండ్రీ నేనూ నాంపల్లిలో దిగి, మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్ వైపు నడిచాము. 1935లో కట్టిన ఆ రాతి మార్కెట్‌కు ఏడవ నిజాం రెండవ కుమారుడు మొజంజా పేరు పెట్టారు. ఆయన భార్యే నీలోఫర్ యువరాణి. తన పరిచారిక ఒకామె కాన్పులో చనిపోతే, అలాంటి చావు మరొకరికి రాకూడదని ఆమె పట్టుబట్టినందువల్లనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి వెలసింది. ఆమెకు సంతానం లేదు. అయినా 1953 నుండి ఎందరి బిడ్డలో ఆమె పేరున్న ఆ గడప దాటి ప్రాణాలతో ఇంటికి వెళ్లారు. నడుస్తూ ఈ సంగతి చెబితే ఆ కుర్రవాడు, "మరి మనం కూడ ముందే జాగ్రత్తపడాలి గదా అయ్యగారూ" అన్నాడు.

దుకాణంలో మొదట చూపించినది లేసు అల్లిన తొట్టి. చుట్టూ దూది కుట్టిన మెత్తలు, లోపల దిండు, పైన వేలాడే బొమ్మలు. "ఇదే బాగా పోతుంది సార్" అన్నాడు దుకాణదారుడు. చూడముచ్చటగానే ఉంది. కాని నెలల బిడ్డ ముఖం ఆ మెత్తలకు ఆనుకుంటే తనంతట తాను తల తిప్పుకోలేదు, ఊపిరి అందదు. అమెరికాలో 2022లో చట్టం చేసి, ఇలాంటి చుట్టుమెత్తలను, 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకలను అమ్మకుండా నిషేధించారు.

మేము అడిగి బయటికి తీయించినది సాదా తొట్టి. ముందు పరుపును అరచేతితో నొక్కి చూశాము. గట్టిగా, చదునుగా ఉంది. పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉండకూడదు. కమ్ములున్న తొట్టి అయితే వాటి మధ్య ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. కూల్‌డ్రింకు డబ్బా దూరితే ఆ తొట్టి వద్దు. కాళ్లు కదలకూడదు, లాకులు గట్టిగా పడాలి. అన్నిటికంటె ముఖ్యం, పట్టీలతో పెద్ద మంచానికి బిగించినప్పుడు రెంటి మధ్య ఏమాత్రం ఖాళీ రాకూడదు. ఆ ఖాళీలోకి బిడ్డ జారితే ప్రమాదం. అందుకే ఇంటి మంచం ఎత్తు ముందే కొలుచుకొని వెళ్లాము. బిడ్డ చేతుల మీద లేవడం మొదలుపెట్టిన రోజున ఈ తొట్టి మాని పెద్ద తొట్టికి మార్చాలి.

ఇంటికి తెచ్చాక నాయనమ్మ ఆవాల దిండు తెచ్చింది. ఏడాది నిండేవరకు దిండు వద్దని చెప్పాము. వెల్లకిల పడుకోబెడితే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడతాయేమోనని ఆమెకు భయం. వెల్లకిల ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారగొట్టం కింద ఉంటాయి గనుక, కక్కినది తిరిగి కిందికే జారుతుంది. అమెరికాలో 1994లో పిల్లలను వెల్లకిల పడుకోబెట్టండని ఊరూరా ప్రచారం చేస్తే, పదేళ్లలోపే నిద్రలో వచ్చే అకస్మాత్తు మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

చీర ఉయ్యాల సంగతి కూడ అడిగిందామె. బిడ్డను జోకొట్టడానికి, పక్కన మనిషి ఉన్నంతసేపు ఊపండి. కాని అందులో బిడ్డ ఒళ్లు ముడుచుకొని గడ్డం రొమ్ముకు ఆనుతుంది, ఊపిరి తీయడం కష్టమవుతుంది. నిద్రపట్టగానే తొట్టిలోకి మార్చండి.

ప్రియమైన తల్లిదండ్రులారా, తొట్టి కొనేటప్పుడు దాని అందం చూసి మోసపోకండి. లోపల బిగుతైన నూలు దుప్పటి, దాని మీద వెల్లకిల పడుకున్న బిడ్డ, అంతే చాలు. దోమతెర ముఖానికి తగలకుండా బయటికి లాగి కట్టండి. ఆ గదిలో ఎవరినీ పొగ తాగనివ్వకండి. కానుకగా వచ్చిన దిండ్లు, బొమ్మలు బీరువాలో దాచి, బిడ్డ పెద్దదైనప్పుడు తీయండి. ఇచ్చినవారు నొచ్చుకుంటారనుకుంటే, కారణం మెల్లగా చెప్పండి. బిడ్డ క్షేమం కోరి ఇచ్చినవారే గనుక వారూ అర్థం చేసుకుంటారు.