గరగరలో మన మాట

రేడియో బాగుచేయడమంటే కాలిపోయిన వాల్వు తీసి కొత్తది పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. అది లాంతరుకు వత్తి మార్చడంవంటి పని. అసలు పని వేరే ఉంది. దూరాన్నుంచి అలసిపోయి వచ్చిన మాటను పెద్దది చేయడం ఒకటి, దానితోబాటు రొద కూడా పెద్దది కాకుండా చూడడం రెండు. మొదటి పని యాంప్లిఫయరుది, రెండవది లిమిటరుది. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడంలోనే మా అన్నదమ్ములిద్దరి ఆయుర్దాయం చాలామట్టుకు గడిచింది.

చింతామణిలో మాకొక చిన్న రేడియో దుకాణం ఉండేది. చిక్కబళ్ళాపురంనుంచీ బాగేపల్లినుంచీ సెట్లు బస్సుపైన ఎక్కి వచ్చేవి. మన తాలూకాల సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. బడిలో, కచేరీలో కన్నడం. ఇంట్లో, సంతలో తెలుగు. 1955లో మొదలైన బెంగుళూరు కేంద్రం మాకు ఖంగుమని వినిపించేది. కాని ఇంట్లో అవ్వకూ తాతకూ తెలుగు వార్తలు కావాలి. తెలుగు పలికే కేంద్రాలన్నీ దూరాభారం. మద్రాసు 1938లో, విజయవాడ 1948లో మొదలైనవి. హైదరాబాదు 1950లో ఆకాశవాణిలో చేరింది. కడప 1963లో వచ్చింది. మీడియం వేవు పగటిపూట నేలను పట్టుకొని నడుస్తుంది, అందుచేత త్వరగా సన్నగిల్లుతుంది. చీకటి పడ్డాక పై ఆకాశపు పొరలకు తగిలి దూరాలు దాటుతుంది. అయితే నిలకడ ఉండదు. ఒక నిమిషం పక్కింటిలా, మరో నిమిషం పాతాళంలా వినవస్తుంది.

ఏరియల్‌లో పుట్టే విద్యుత్తు వోల్టులో పదిలక్షల వంతుల లెక్కన ఉంటుంది. స్పీకరు కదలాలంటే అది ఎన్నో రెట్లు పెరగాలి. అంతా ఒకే మెట్టులో పెంచబోతే సెట్టు తనంతట తానే ఈల వేయడం మొదలుపెడుతుంది. అందుకని ఏ స్టేషను పట్టుకున్నా దాన్ని ముందుగా 455 కిలోసైకిళ్ళకు మార్చి, అక్కడ పెంచి, ఆ తరువాత మాటను విడదీసి, మళ్ళీ పెంచుతారు. మొదటి ప్రపంచయుద్ధం చివర, 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ కనిపెట్టిన పద్ధతి ఇది. అల బలహీనమైనప్పుడు హెచ్చింపు పెంచి, బలపడినప్పుడు తగ్గించే ఏ.వి.సి. అనే ఏర్పాటు కూడా సెట్లో ఉంటుంది. చిక్కంతా అక్కడే. యాంప్లిఫయరుకు విచక్షణ లేదు. మాట సన్నగిల్లినప్పుడు అది హెచ్చింపు పెంచుతుంది. అప్పుడు ఊళ్ళోని రొదంతా ఇంట్లోకి వస్తుంది.

రొదను కత్తిరించే ఉపాయమూ ఆర్మ్‌స్ట్రాంగే చెప్పాడు. 1933లో ఆయన పేటెంటు పొందిన ఎఫ్.ఎమ్. పద్ధతిలో మాట అల ఎత్తులో ఉండదు, అల ఊగే వేగంలో ఉంటుంది. ఉరుములూ మోటార్లూ ముఖ్యంగా ఎత్తునే చెడగొడతాయి. కాబట్టి లిమిటరు అల తలనూ పాదాలనూ సమంగా కోసివేసినా మాటకు నష్టం లేదు. అయితే కోయడానికి ముందు అల చాలినంత ఎత్తు పెరగాలి. హెచ్చింపు చాలని చోట లిమిటరు ఉన్నా లేనట్టే. మన దేశంలో ఎఫ్.ఎమ్. 1977లో మద్రాసులో మొదలైంది. అంతకుముందు మాకు దొరికినదల్లా మీడియం వేవు, షార్టు వేవు. వాటిలో మాట ఎత్తులోనే ఉంటుంది. ఎత్తు కోస్తే మాట కూడా తెగుతుంది.

1971 డిశంబరులో బాగేపల్లినుంచి ఒక అవ్వ సెట్టు మా దగ్గరికి వచ్చింది. మనవడు సైన్యంలో ఉన్నాడు, యుద్ధం మొదలైంది. ఢిల్లీనుంచి వచ్చే తెలుగు వార్తలను హైదరాబాదు, విజయవాడ కేంద్రాలు వినిపించేవి. ఆమె ఇంటి వెనుకనే శెనక్కాయల మిల్లు. మోటారు తిరిగినంతసేపూ సెట్లో టపటప. పైగా ఆమెకు చెవుడు, సెట్టు గొంతు పూర్తిగా పెంచితే తప్ప వినలేదు.

సెట్టులో లోపం లేదని తేల్చుకొని, దానితోబాటు మేమే బాగేపల్లికి వెళ్ళాము. మాటను విడదీసిన తరువాత, వాల్యూము కంట్రోలుకు ముందు, సిలికాన్ డయోడులను ఎదురెదురు ముఖాలుగా కలిపాము. అటువంటి డయోడు సుమారు 0.6 వోల్టు దాటితే గాని దారి ఇవ్వదు. కాబట్టి ఆ ఎత్తు దాటిన టపటపలు అక్కడే తెగిపోతాయి. ఒక్కొక్కటి పెడితే 0.6 వోల్టు, రెండేసి వరుసగా పెడితే 1.2, మూడేసి అయితే 1.8. ఈ మూడు మెట్లనూ ఒక స్విచ్చికి కలిపి, అవ్వ చేతికే ఇచ్చాము.

మొదటి మెట్టులో విని ఆమె తల అడ్డంగా ఊపింది. "రొద పోయింది గానీ నాయనా, మనిషి గొంతు కూడా పోయిందే!" అన్నది. మూడవ మెట్టులో "మిల్లు మళ్ళా ఇంట్లోకొచ్చింది" అన్నది. రెండవ మెట్టులో కొంత టపటప మిగిలింది, గొంతు మాత్రం గొంతులాగే ఉంది. ఆమె అక్కడే ఉంచమన్నది. డిశంబరు 16న ఢాకాలో పాకిస్తాను సేన లొంగిపోయిన వార్త ఆ మెట్టులోనే విన్నదట. మనవడి ఉత్తరం వచ్చిన తరువాత కూడా ఆ స్విచ్చి కదపలేదని ఇంటివారు చెప్పారు. ఎంతవరకు కోయాలో లెక్కవేయడానికి మా మీటరు పనికివచ్చింది. ఎక్కడ ఆపాలో చెప్పడానికి వినేవారి చెవి కావలసి వచ్చింది.

జబ్బు కనుక్కునే పద్ధతి గూర్చి కూడా నాలుగు మాటలు. మేము స్పీకరునుంచి వెనక్కి నడిచేవాళ్ళము. వాల్యూము కంట్రోలు మధ్య కాలును స్క్రూడ్రైవరుతో తాకితే గుర్రుమన్నదా, అక్కడినుంచి స్పీకరుదాకా దారి బాగున్నట్టే. జబ్బు ముందు మెట్లలో ఉంది. ఎప్పుడూ హుమ్మని మోగుతుంటే ఫిల్టరు కండెన్సరు ఎండిందని అర్థం. చిక్కబళ్ళాపురంనుంచి వచ్చిన ఒక సెట్టు అరగంట చక్కగా పాడి, ఆ తరువాత బొంగురుపోయేది. అంతకుముందెవరో రెండుసార్లు అవుట్‌పుట్ వాల్వు మార్చారు. మేము వాల్వు జోలికి పోకుండా దాని గ్రిడ్డుమీద మీటరు పెట్టి కూర్చున్నాము. సున్నా దగ్గర ఉండవలసిన ముల్లు, సెట్టు వేడెక్కేకొద్దీ మెల్లగా పైకి జరిగింది. వెనుక మెట్టునుంచి మాటను మాత్రమే పంపి విద్యుత్తును ఆపవలసిన చిన్న కండెన్సరు, వేడికి కారుతున్నది. అది కొద్ది పైసల వస్తువు. దాని తప్పుకు రెండు వాల్వులు బలి అయినాయి. అరిచేవాడే దోషి కానక్కరలేదు.

ఇంతకంటె పెద్ద రేడియో మన జిల్లాలోనే, గౌరీబిదనూరు దగ్గర ఉన్నదని మన పిల్లలకు చెప్పాలి. 1976నుంచి పనిచేసిన ఆ రేడియో దూరదర్శినిలో వేయి ఏరియల్‌లు T ఆకారంలో పరిచి ఉండేవి. 34.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర అది నక్షత్రాల గుసగుస వినేది. అక్కడ తరువాత అమర్చిన ఒక రిసీవరులో అల ఎత్తును పూర్తిగా వదిలి, అది సున్నాకు పైనున్నదా కిందనున్నదా అన్న ఒక్క గుర్తునే పోల్చి చూసేవారు. ఎత్తును కొలవడానికి వేరే ఏర్పాటు చేసుకున్నారు. వారి కబురు ఆ గుర్తులో దాగి ఉంది గనుక ఎత్తును కోయగలిగారు. అవ్వ కబురు ఎత్తులోనే ఉంది గనుక మేము రెండవ మెట్టులో ఆగవలసి వచ్చింది. దేన్ని కోయాలన్నా, కబురు ఎక్కడ ఉన్నదో ముందు తెలిసి ఉండాలి.

మన ఇళ్ళ అటకలమీద ఇంకా వాల్వు సెట్లు కొన్ని ఉన్నవి. ముచ్చటపడి వాటిని ఒక్కసారిగా కరెంటులో పెట్టవద్దు. ఎండిన ఫిల్టరు కండెన్సరులు పేలవచ్చు, లోపల రెండువందల యాభై వోల్టులదాకా ఉంటుంది. తెలిసినవారిచేత వాటిని మార్పించి, వరుసలో ఒక బల్బు పెట్టి మెల్లగా వెలిగించండి. పట్టుమని పది నిమిషాలు ఓపిక పట్టి, సూదిని మెల్లగా తిప్పుతూ పిల్లలచేత వినిపించండి. గరగర రాగానే కట్టేయనివ్వకండి. అందులోనే ఎక్కడో ఒక మాట ఉంటుంది.